బారీ కియోగన్‌కి నటన నేర్పింది కష్టాలు కాదు

పోయిన చలికాలం లూకన్‌లో తెలిసినవాళ్ళింట్లో ఆదివారం భోజనాలకి వెళ్ళాం. డబ్లిన్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ముందు ఇంటి అద్దెల మీద పడతాం, తరవాత వీసాల మీద, ఆఖర్న సినిమాల మీద. ఆ రోజు ఎవరో టీవీలో 'సాల్ట్‌బర్న్' పెట్టబోతే పిల్లలున్నారని ఇంకొకరు రిమోట్ లాక్కున్నారు (మంచిపని చేశారు, చూసినవాళ్ళకి ఎందుకో తెలుసు). దాంతో మాట అందులో హీరో, ఐరిష్ నటుడు బారీ కియోగన్ మీదికి మళ్ళింది. "పాపం చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడో అండీ, తల్లి పోయిందట, ఎవరెవరిళ్ళలోనో పెరిగాడట, అందుకే అంత సహజంగా చేస్తాడు" అన్నారు ఒకావిడ. అందరూ తలలూపారు. పెరుగన్నం కలుపుకుంటూ నేనూ ఊపాను, అప్పుడు వాదన పెట్టుకునే ఓపిక లేక. ఇంటికొచ్చాక మాత్రం ఆ "అందుకే" నన్ను వదల్లేదు. కష్టాలు పడ్డాడు, నిజమే. బాగా చేస్తాడు, అదీ నిజమే. మధ్యలో ఈ "అందుకే" ఎక్కడినుంచి వచ్చింది?

తెలియనివాళ్ళకి ముందు ఆ కథ చెప్పాలి. బారీ 1992 అక్టోబర్‌లో డబ్లిన్‌లో పుట్టాడు, పెరిగింది ఊరి నడిబొడ్డుకి ఉత్తరాన ఉన్న సమ్మర్‌హిల్‌లో. తల్లికి హెరాయిన్ వ్యసనం. ఐర్లాండ్‌లో తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉంటే పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబాల దగ్గర ఉంచుతుంది, ఫాస్టర్ కేర్ అంటారు. బారీ, అతని సోదరుడు అలా ఏడేళ్ళలో 13 ఇళ్ళు మారారు. బారీకి 12 ఏళ్ళప్పుడు తల్లి చనిపోయింది. తరవాత అమ్మమ్మా పిన్నీ పెంచారు. ఇదంతా అతనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు, ఎవరో తవ్వి తీసింది కాదు.

ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్ళు నా ఆఫీసు బస్సు సమ్మర్‌హిల్ మీదుగానే వెళ్ళేది. పాత మేడలు కూలగొట్టి కట్టిన ఫ్లాట్లు, బెట్టింగ్ షాపు, చిప్స్ షాపు, మ్యాచ్ ఉన్న రోజున క్రోక్ పార్క్ స్టేడియం వైపు నడిచిపోయే జనం. అక్కడికి దగ్గర్లోనే, బకింగ్‌హామ్ స్ట్రీట్‌లో ఒక స్మారకం ఉంది. సున్నపురాయితో కట్టిన వాకిలి, అందులో కంచుతో పోసిన జ్వాల. దాని పేరు 'హోమ్'. 1980 ప్రాంతాల్లో ఈ వీధుల్లోకి హెరాయిన్ వరదలా వచ్చింది, ఆ తరవాత డ్రగ్స్‌కి బలైపోయినవాళ్ళ కోసం చుట్టుపక్కల కుటుంబాలే పట్టుబట్టి దాన్ని పెట్టించుకున్నాయి. ఏటా క్రిస్మస్ ముందు అక్కడ చెట్టు నిలబెట్టి, పోయినవాళ్ళ పేరున ఒక్కో నక్షత్రం కడతారు. చాలా నక్షత్రాలుంటాయి.

అందుకే లూకన్‌లో ఆవిడ మాట నాకు మింగుడుపడలేదు. కష్టమే నటన నేర్పేదైతే ఆ వీధి నుంచి ఇప్పటికి వందమంది నటులు రావాలి. ఆ చెట్టు మీద ఎన్ని నక్షత్రాలున్నాయో అన్ని ఇళ్ళలో బారీ పడిన కష్టమే పడిన పిల్లలున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి కష్టం ఇచ్చింది కష్టమే, ఇంకేమీ ఇవ్వలేదు.

మనకి ఈ అలవాటు బాగా ముదిరింది. కృష్ణానగర్‌లో ఆకలితో పడుకున్నాడు, ఫిల్మ్‌నగర్ రోడ్ల మీద ఫోటోలు పట్టుకుని తిరిగాడు, ఇవాళ స్టార్ అయ్యాడు. యూట్యూబ్‌లో యాంకర్ కళ్ళు తుడుచుకుంటూ ఇదే అడుగుతుంది, మనమూ తుడుచుకుంటూ వింటాం. ఆ మనిషి ఒక సీన్‌లో చూపు ఎందుకు తిప్పుకున్నాడో, డైలాగ్ మధ్యలో ఎందుకు ఆగాడో అడిగే ఇంటర్వ్యూ నేను చూసినవాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆకలి గురించి ఐతే గంటసేపు.

సరే, మరి బారీని నటుణ్ణి చేసిందేమిటి? ఒక షాపు అద్దానికి అంటించిన కాగితం. తమాషాకి అనడం లేదు. మార్క్ ఓ'కానర్ అనే దర్శకుడు 'బిట్వీన్ ది కెనాల్స్' అని చిన్న బడ్జెట్ సినిమా తీస్తూ, ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు కావాలని ప్రకటన పెట్టాడు, నటన అనుభవం అక్కర్లేదు. డబ్లిన్ పాతబస్తీకి అటో కాలువ, ఇటో కాలువ, ఆ రెంటి మధ్య తిరిగే చిల్లర నేరగాళ్ళ కథ అది. బారీకి అప్పటికి సుమారు పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. నంబర్ చూసి ఫోన్ చేశాడు. సినిమా 2011లో వచ్చింది, బారీ చేసింది చిన్న పాత్రే.

ఆ ఫోన్ చేసిన చొరవ అతనిదే, దాన్ని తగ్గించడం లేదు. కానీ కాగితం అక్కడ ఉండాలి కదా! సమ్మర్‌హిల్ కుర్రాడి కథకి సమ్మర్‌హిల్ కుర్రాడే కావాలనుకున్న దర్శకుడు ఉండాలి, అలాంటి చిన్న సినిమాలు తీసే అలవాటు ఆ దేశంలో ఉండాలి. ఐర్లాండ్‌లో ప్రభుత్వ ఫిల్మ్ బోర్డు 1987లో మూతపడింది, 1993లో మళ్ళీ తెరిచారు, అంటే బారీ పుట్టిన మరుసటి ఏడు. తెరిపించిన మంత్రి మైకేల్ డి. హిగ్గిన్స్ కవి, తరవాత పద్నాలుగేళ్ళు దేశాధ్యక్షుడిగా ఉన్నాడు. ఇప్పుడు ఆ బోర్డు పేరు స్క్రీన్ ఐర్లాండ్. దానికి తోడు అక్కడ పెట్టిన ఖర్చు మీద 32 శాతం పన్ను రాయితీ. ఈ లెక్కల గురించి రాస్తే ఎవరూ చదవరని తెలుసు, అందుకే ఇంతటితో ఆపుతున్నా. కానీ ఐరిష్ నటులు ఒక్కసారిగా ఇంతమంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఒక్క నిమిషం అటు చూస్తే బాగుంటుంది.

తరవాత బారీ 'ది ఫ్యాక్టరీ' అనే చోట చేరాడు. జాన్ కార్నీ, లాన్స్ డేలీ, కిర్‌స్టెన్ షెరిడన్ లాంటి దర్శకులు కలిసి పెట్టుకున్న చోటు అది. అక్కడ నేర్పేది కెమెరా ముందు నటించడం, స్టేజీ మీద కాదు. నాకు ఇది పెద్ద విషయంగా అనిపిస్తుంది. బారీ నటనలో గొంతు తక్కువ, మొహం ఎక్కువ. లెన్స్ ఎంత దగ్గరగా ఉందో, రెప్ప ఒక్కసారి తక్కువ కొడితే తెర మీద ఎలా కనిపిస్తుందో తెలిసినవాడి లెక్క అది. పుట్టుకతో వచ్చిందనుకోవడం తేలిక.

ఇప్పుడు నా అసలు సాక్ష్యం చెప్తాను. 2013లో ఐరిష్ ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈ (మన దూరదర్శన్ అనుకోండి, కాకపోతే జనం ఇప్పటికీ చూస్తారు) 'లవ్/హేట్' నాలుగో సీజన్ వేసింది. డబ్లిన్ గ్యాంగుల కథ. అందులో బారీది వేన్ అనే కుర్రాడి పాత్ర, ఊరికే సరదాకి ఒక పిల్లిని తుపాకీతో కాల్చేస్తాడు. దేశమంతా గగ్గోలు పెట్టింది. మనుషులు చచ్చినప్పుడు నోరు మెదపనివాళ్ళు పిల్లి కోసం ఫిర్యాదులు చేశారు. బారీని "పిల్లిని చంపినోడు" అనేవారు. ఆ సీన్‌లో అతని మొహం చూడండి, కోపం లేదు, క్రూరత్వం కూడా లేదు, రాయి విసిరితే డబ్బా పడిందన్నంత ఖాళీ.

ఆరేళ్ళ తరవాత, 2019లో చెర్నోబిల్ అణు ప్రమాదం మీద తీసిన టీవీ సీరియల్ 'చెర్నోబిల్' నాలుగో ఎపిసోడ్. బారీది పావెల్ అనే కుర్ర సిపాయి పాత్ర. జనం ఖాళీ చేసిపోయిన ఊళ్ళలో మిగిలిపోయిన కుక్కల్ని కాల్చెయ్యాలి, ఒంటికి రేడియేషన్ పట్టింది కాబట్టి. మొదటి కుక్క తోకాడిస్తూ ఎదురొస్తుంది. యజమాని తిరిగొచ్చాడనుకుంటుంది కాబోలు. కాలుస్తాడు, అది చావదు. తరవాత ఒక ఇంట్లో తల్లికుక్క, పిల్లలు. పెద్ద సిపాయి వీణ్ణి బయటికి పంపించి తలుపు వేస్తాడు. కెమెరా పావెల్ మీద ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో మనం అతని మొహంలోనే చూడాలి.

చేతిలో తుపాకీ, ఎదురుగా నోరులేని జీవం, రెండుచోట్లా నటుడు ఒక్కడే. ఒకచోట చంపడం ఏమీ కాదు, ఇంకోచోట దాన్ని మోయలేకపోతున్నాడు. రెంటికీ కారణం "కష్టాలు పడ్డ బాల్యం" అంటే ఇక ఆ మాటకి అర్థమేమిటి? జ్వరానికీ చలికీ ఒకటే మాత్ర ఇచ్చినట్టుంది. ఆ రెండు మొహాల మధ్య దూరం బాల్యంలోంచి రాలేదు. ఎంచుకుని, ఇక్కడ ఇంతే చూపిస్తా, అక్కడ అంత చూపిస్తా అని నిర్ణయించుకుంటే వచ్చింది.

అతనికి ఈ లెక్క బాగా తెలుసనడానికి ఇంకో ముక్క. 'ది బ్యాట్‌మన్' తీస్తున్నప్పుడు రిడ్లర్ అనే విలన్ పాత్ర కోసం ఎవరూ అడక్కపోయినా టేపు పంపాడు. తలకి టోపీ, చేతిలో కర్ర, పొడుగాటి వరండాలో నడిచి వస్తాడు, ఒక్క డైలాగ్ లేదు. రిడ్లర్ అప్పటికే పాల్ డేనోకి వెళ్ళిపోయింది. అయినా ఆ టేపు చూసినవాళ్ళు జోకర్ ఇచ్చారు. ఏ దర్శకులతో పనిచెయ్యాలో పేర్లు రాసి పెట్టుకునేవాడట. 2013లో స్టాన్ లీకి ట్విట్టర్‌లో నన్ను సూపర్‌హీరోని చెయ్యండి అని రాశాడు, 2021లో 'ఎటర్నల్స్'లో అయ్యాడు కూడా (సినిమా అంతంతమాత్రం, అది వేరే సంగతి). వెనకాల ఎవరూ లేనివాడు దారి ఎలా గీసుకోవాలో అలా గీసుకున్నాడు. దీన్ని అదృష్టం అన్నా తప్పే, జాలి పడినా తప్పే.

2017లో రెండు పెద్ద సినిమాలు ఒకేసారి వచ్చాయి. 'డన్‌కర్క్'లో మెరుపులా ఒక పడవలోకి దూకే కుర్రాడు జార్జ్. అతన్ని పొరపాటున తోసి పడేసే షాక్ తిన్న సిపాయి కిలియన్ మర్ఫీ, ఇద్దరూ ఐరిష్‌వాళ్ళే, ఇంగ్లిష్ వీరగాథలో. ఇంకోటి యోర్గోస్ లాంతిమోస్ తీసిన 'ది కిల్లింగ్ ఆఫ్ ఎ సేక్రెడ్ డీర్', డబ్లిన్ కంపెనీ ఎలిమెంట్ పిక్చర్స్ నిర్మాణం. ఇందులో బారీ మార్టిన్, తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు. ఒక సీన్‌లో నికోల్ కిడ్‌మన్ ముందు కూచుని స్పగెట్టీ తింటూ మాట్లాడతాడు. నువ్వు అచ్చం మీ నాన్నలాగే తింటావు అని అందరూ అనేవారట, అది తనకీ నాన్నకీ మాత్రమే ఉన్న బంధం అనుకున్నాడట, తీరా చూస్తే లోకంలో అందరూ అలాగే తింటారు. తండ్రి చావు కన్నా ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది అంటాడు. తింటూనే అంటాడు, ఫోర్క్ ఆపడు. నా దుఃఖం నా ఒక్కడిదే అనుకునేవాడికి కాదురా అని తెలిసిన క్షణం అది. అంత చిన్నవాడు, ఎదురుగా అంత పెద్ద తార, సీన్ మాత్రం అతనిది.

అక్కడినుంచే ఇంకో చిక్కు మొదలైంది. పేపర్లు అతని గురించి రాసేటప్పుడు వింతగా ఉంటాడు, భయపెడతాడు, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది అని రాయడం మొదలుపెట్టాయి. కొంత పాత్రల గురించి, కొంత అతని మొహం గురించే. వెంటనే పక్క పేరాలో 13 ఇళ్ళు. ఇలా పక్కపక్కన పెడితే చదివేవాడికి ఏమనిపిస్తుంది? చిన్నప్పుడు అలా పెరిగాడు కాబట్టి మొహం అలా ఉంది అనే కదా! ఎవరూ ఆ మాట అనరు, అందరికీ వినిపిస్తుంది.

పక్కనే ఇంకో ఐరిష్ నటుడు పాల్ మెస్కల్ ఉన్నాడు, పోల్చి చూడండి. మేనూత్‌లో పెరిగాడు, తండ్రి స్కూల్ టీచర్, తల్లి పోలీసు. గేలిక్ ఫుట్‌బాల్ ఆడాడు, ట్రినిటీ కాలేజీ వాళ్ళ లిర్ అకాడెమీలో నటన చదివి 2017లో బయటికొచ్చాడు, మూడేళ్ళకి 'నార్మల్ పీపుల్' టీవీ సీరియల్. గొప్ప నటుడు, నాకేమీ పేచీ లేదు. కానీ హాయిగా పెరిగాడు కాబట్టే అంత బాగా ఏడుస్తాడని అతని గురించి ఎవరైనా రాయగా చూశారా? అతని నటన గురించి రాసేటప్పుడు శిక్షణ అంటారు, క్రమశిక్షణ అంటారు, ఎంపిక అంటారు. బారీ దగ్గరికొచ్చేసరికి గాయం అంటారు. చదువుకున్నవాడిది విద్య, వీధిలోంచి వచ్చినవాడిది గాయం. ఇది వర్గం మాట, సానుభూతి వేషం వేసుకుని వస్తుంది.

'ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్'లో చెరువు పక్క సీన్ లేకపోతే నేను ఇంత రాసేదాన్ని కాదేమో. బారీ డొమినిక్, ఊళ్ళో అందరూ తెలివితక్కువవాడనుకునే కుర్రాడు, పోలీసు తండ్రి చేత దెబ్బలు తినేవాడు. హీరో చెల్లెలు షివాన్ దగ్గరికి నీళ్ళు నములుతూ వచ్చి, నాలాంటివాణ్ణి నువ్వెప్పుడైనా ప్రేమించగలవా అని అడుగుతాడు. ఆమె మెత్తగా కాదంటుంది. వాడు ఏడవడు. సర్లే, అనుకున్నదే అన్నట్టు నవ్వబోయి, ఆ నవ్వుని సగంలో ఏంచెయ్యాలో తెలియక అలా వదిలేసి, పక్కనేదో పని ఉన్నట్టు వెళ్ళిపోతాడు. నేను డబ్లిన్‌లో హాల్లో చూశాను, నా పక్కన కూచున్న ముసలాయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ పాత్రకి 2023లో బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా. వేదిక మీద తను పుట్టిన ఇరుకు వీధుల్లో ఏదో కావాలని కలలు కనే పిల్లలకి ఆ అవార్డు అంకితం ఇచ్చాడు. గమనించండి, కష్టాలకి ఇవ్వలేదు.

ఇక 'సాల్ట్‌బర్న్' (చూడనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి). ఆక్స్‌ఫర్డ్‌లో ఆలివర్ అనే కుర్రాడు డబ్బున్న స్నేహితుడికి తన ఇంటి కథ చెప్తాడు. అమ్మానాన్నలకి మత్తు వ్యసనం, తండ్రి పోయాడు, నాకెవరూ లేరు. స్నేహితుడు కరిగిపోయి తన కోటకి తీసుకెళ్తాడు. తీరా చూస్తే అంతా అబద్ధం, ఆలివర్‌ది శుభ్రమైన మధ్యతరగతి ఇల్లు, అమ్మానాన్న నిక్షేపంగా ఉన్నారు. డబ్బున్నవాళ్ళకి ఎలాంటి కష్టం నచ్చుతుందో చూసుకుని ఆ కష్టాన్ని అమ్మాడు. నిజంగా ఆ కథ ఉన్న నటుడు, ఆ కథని దొంగిలించి అమ్ముకునేవాడి పాత్ర వేశాడు! సినిమా వచ్చాక స్నానాలతొట్టి గురించీ, చివరి డాన్సు గురించీ ఇన్ని నెలలు మాట్లాడుకున్నారు. ఈ సంగతి గురించి ఎక్కడా పెద్దగా చర్చ జరగలేదు, నాకైతే సినిమాలో అన్నిటికన్నా ధైర్యమైనది అదే.

2024 డిసెంబర్‌లో ఆ కథే రాయై తిరిగొచ్చింది. ఒక గాయనితో విడిపోయాడన్న వార్త రాగానే ఆన్‌లైన్‌లో జనం విరుచుకుపడ్డారు. మొహం గురించి, తల్లి వ్యసనం గురించి, తండ్రిగా పనికిరాడని. అమ్మమ్మ ఇంటి తలుపు కూడా కొట్టారని చెప్పి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మూసేశాడు. పదేళ్ళు పత్రికలు ముద్దుగా రాసిన ముక్కలే కదా అవన్నీ! పొగడ్డానికి పనికొచ్చిన బాల్యం తిట్టడానికి ఇంకా బాగా పనికొచ్చింది.

అతను ఎంచుకున్నవన్నీ గొప్పవని చెప్పను. 2025లో వచ్చిన 'హర్రీ అప్ టుమారో' నేను సగంలో ఆపేశాను. మళ్ళీ అదే మనిషి 'గ్లాడియేటర్ 2'లో చక్రవర్తి వేషం వదులుకుని ఆండ్రియా ఆర్నల్డ్ తీసిన 'బర్డ్' చేశాడు. కెంట్‌లోని గ్రేవ్స్ఎండ్‌లో ఒంటినిండా పచ్చబొట్లతో, ఎలక్ట్రిక్ స్కూటర్ మీద తిరుగుతూ, కప్ప నుంచి మత్తు జిగురు తీసి అమ్మి పెళ్ళి ఖర్చులు వెళ్ళదీద్దామనుకునే కుర్ర తండ్రి. కప్పకి పాటలు వినిపిస్తాడు, జిగురు వస్తుందని. ఆ సినిమాలో అతని కూతురిగా చేసిన అమ్మాయికి అదే మొదటిసారి కెమెరా ముందు నిలబడడం. ఆ పాప పక్కన ఉన్నంతసేపూ బారీ తన వేగం తగ్గించుకుని, సీన్ ఆమెకి వదిలేస్తాడు. రెండోసారి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు శామ్ మెండెస్ బీటిల్స్ బ్యాండ్ మీద నాలుగు సినిమాలు తీస్తున్నాడు, 2028 ఏప్రిల్‌లో వస్తాయన్నారు. పాల్ మెకార్ట్నీగా పాల్ మెస్కల్, డ్రమ్మర్ రింగో స్టార్‌గా బారీ. రింగోని కలిసినప్పుడు సిగ్గేసి కళ్ళలోకి చూడలేకపోయానని బారీ చెప్పుకున్నాడు. ఇక్కడ నాకు ముందే కనిపిస్తోంది ఏం జరగబోతోందో. రింగోది లివర్‌పూల్‌లో పేద పేట, ఆరేళ్ళప్పుడు కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరి చావు దాకా వెళ్ళాడు, పదమూడేళ్ళప్పుడు క్షయ వచ్చి రెండేళ్ళు పిల్లల ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమచేతి వాటం మనిషి కుడిచేతి వాటం డ్రమ్ముల మీద వాయిస్తే వచ్చే ఆ తూగుని డ్రమ్మర్లు ఇప్పటికీ విప్పి చూసుకుంటుంటారు, మిగతా లోకం మాత్రం అదృష్టవంతుడు, నలుగురిలో నాలుగోవాడు అని తేల్చేసింది.

2028లో లూకన్‌లో మళ్ళీ భోజనాలుంటాయి, ఆవిడ మళ్ళీ "రింగో కూడా చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడో అండీ, అందుకే..." అంటారు. ఈసారి పెరుగన్నం పక్కన పెడతాను. ఆ ఆసుపత్రి వార్డుకి ఒక మ్యూజిక్ టీచర్ వచ్చేవారండీ, అంటాను. గిలకలు, తాళాలు, చిన్న డ్రమ్ములు తెచ్చి మంచాల మీద పిల్లలకి పంచేవారు. డ్రమ్ము ఇస్తేనే వాయిస్తాను, లేకపోతే లేదని మొండికేసేవాడట ఆ పిల్లాడు. ఇచ్చారు.